నేను కాదనుకున్న సీటు

నాకు రెండు మెడికల్ కాలేజీల్లో సీటు వచ్చింది. వింటే ఎవరికైనా అదృష్టమే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. జగ్గయ్యపేటలో మా కొట్టుకి వచ్చినవాళ్లందరికీ ఆ వారమంతా నాన్న అదే మాట చెప్పాడు. "అమ్మాయికి రెండు చోట్ల మెడిసిన్ సీటొచ్చిందండి. ఏది తీసుకోవాలో తేలట్లేదు." ఆ రెండు కాలేజీలూ మన దేశంలోవి కావన్న సంగతి, ఎక్కడ అని అడిగినవాళ్లకి మాత్రమే చెప్పేవాడు.

మాది పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల రైతుల దగ్గర కందులు, పెసలు, మినుములు కొని, మిల్లు పట్టించి, బస్తాల లెక్కన అమ్మటం. మా ఇంట్లో గాని చుట్టాల్లో గాని డాక్టర్లు లేరు. నేను ఒక్కదాన్నే కూతురిని. టెన్త్‌లో మంచి మార్కులు వచ్చిన రోజు కొట్టు దగ్గర ఎవరో నన్ను "డాక్టరమ్మ" అన్నారు. అన్నదెవరో ఇప్పుడు గుర్తులేదు. పిలుపు మాత్రం ఉండిపోయింది.

విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. మొదటిసారి నీట్ పోయింది. మళ్లీ నీట్ కోచింగ్ కోసం ఇంకో ఏడాది అక్కడే లాంగ్‌టర్మ్‌లో కూర్చున్నాను. రెండోసారి క్వాలిఫై అయ్యాను. క్వాలిఫై అవటానికీ సీటు రావటానికీ మధ్య ఎంత దూరముందో మా వీధిలో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ వచ్చి నా నోట్లో స్వీటు పెట్టి వెళ్ళారు. ఆ ర్యాంకుకి కన్వీనర్ కోటాలో సీటు రాదు, మేనేజ్‌మెంట్ సీటు మా తాహతుకి మించినది. కౌన్సెలింగ్ ఆఖరి విడత కూడా అయిపోయాక, ఒక ఆదివారం నాన్న నన్ను నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ఫంక్షన్ హాల్ పైఅంతస్తులో, విదేశాల్లో ఎంబీబీఎస్ గురించి ఒక కన్సల్టెన్సీ వాళ్లు మీటింగ్ పెట్టారు.

వచ్చింది ఓ నలభై మందిమి ఉంటాం. పిల్లలందరం తలలు వంచుకుని కూర్చున్నాం, పెద్దవాళ్లు మాత్రం తెర మీద బొమ్మలు కళ్లార్పకుండా చూశారు. కన్సల్టెన్సీ ఆయన చాలా మర్యాదస్తుడు. ఎవరేం అడిగినా "మంచి ప్రశ్న అడిగారు సార్" అనే మొదలుపెట్టేవాడు. తిరిగొచ్చాక ఇక్కడ ఇంకో పరీక్ష రాయాలటగా అని ఎవరో అడిగితే, "అది ఫార్మాలిటీ సార్. ఆరేళ్లు మెడిసిన్ చదివినవాళ్లకి అదొక లెక్కా" అన్నాడు.

నా పక్క కుర్చీలో నా ఈడు అమ్మాయి ఒకతె నోట్‌బుక్ తెచ్చుకుని అన్నీ రాసుకుంటోంది. కంచికచర్ల అమ్మాయి. వాళ్ల నాన్న పత్తి, మిరప వేసే రైతు. ఆ పిల్ల లేచి నిలబడి, "అక్కడ పేషెంట్లు ఏ భాష మాట్లాడతారండి?" అని అడిగింది.

"వాళ్ల భాషేనమ్మా. మొదటి సంవత్సరమే నేర్పించేస్తారు. మీలాంటి తెలివైన పిల్లలకి ఆరు నెలలు చాలు" అన్నాడాయన.

ఆ అమ్మాయి అదీ రాసుకుంది. ఆ ప్రశ్న నాకెందుకు తోచలేదా అని సిగ్గేసింది. మీటింగ్ అయ్యాక కింద టీ దగ్గర మా నాన్నలిద్దరూ మాటల్లో పడి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. మేమిద్దరం ఊరికే నవ్వుకున్నాం. మాట్లాడుకున్నది తక్కువే.

పది రోజుల్లో నాకు రెండు అడ్మిషన్ లెటర్లు వచ్చాయి. నాన్న వాటిని నెట్ సెంటర్లో కలర్ ప్రింట్లు తీయించి, లామినేషన్ చేయించి పట్టుకొచ్చాడు. రెండింటి మీదా బంగారు రంగు ముద్రలున్నాయి, రెండింట్లోనూ నన్ను అభినందించారు. దేశాల పేర్లు ఇక్కడ రాయను. ఆ రెండు చోట్లా చదివి బాగుపడ్డవాళ్లున్నారు, వాళ్లకి నా వల్ల మాట రాకూడదు. ఒకటి మంచు కురిసే దేశం. రెండోది చుట్టూ సముద్రమున్న దీవుల దేశం. నాలుగు రోజుల్లో ఏదో ఒకటి చెప్పి పాస్‌పోర్టు ఇవ్వాలన్నారు.

కంచికచర్ల అమ్మాయికీ ఆ రెండు చోట్లే వచ్చాయి. వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "మా అమ్మాయి దీవుల దాంట్లోకే వెళ్తానంటోందండి. అక్కడ జనం కూడా ఇంగ్లీషు మాట్లాడతారంట. మీ అమ్మాయినీ అక్కడికే పంపకూడదా? ఇద్దరాడపిల్లలు, ఒకళ్లకొకళ్లు తోడుంటారు."

నాన్నకి ఆ మాట నచ్చింది. అమ్మకి నచ్చలేదు. ఆ దేశంలో తినేదంతా చేపలేనని ఎవరో చెప్పారు. మేము గుడ్డు కూడా ముట్టనివాళ్లం. మంచు దేశంలో హాస్టల్లో మన గుంటూరు వంటావిడ ఉందనీ, శాకాహారం వేరే పొయ్యి మీద వండుతుందనీ కన్సల్టెన్సీ ఆయన చెప్పిన దగ్గర్నుంచీ అమ్మ మనసు అటే ఉంది.

"ఆరేళ్లు పిల్ల ఏం తిని బతుకుతుందో చూసుకోవద్దా? చదువు ఎక్కడైనా ఒకటే" అంది.

నాన్న రెండు లెటర్లూ చెరో చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "కందులైతే ఓ గింజ నోట్లో వేసుకుని కొరికి చెప్తా. ఇదెట్టా చెప్పేది" అని, నా వైపు చూశాడు. "చదివేదానివి నువ్వు. నువ్వే చెప్పమ్మా."

నేను మంచు దేశం అన్నాను. ఎందుకని అడిగితే, "అమ్మ చెప్పినట్టు, తిండి ఇబ్బంది ఉండదు" అన్నాను.

అది అబద్ధం. ఆ కాలేజీ బ్రోచర్లో ఒక ఫొటో ఉంది. తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు నలుగురు మంచులో నిలబడి నవ్వుతున్నారు. ఎండాకాలంలో ఫ్యాను కింద కూడా చెమటలు కారే ఊళ్లో పుట్టి, మూడేళ్లు హాస్టల్ గదుల్లో ఉడికిపోయినదాన్ని. ఆ ఫొటోలో నేనుంటే ఎలా ఉంటానో ఊహించుకున్నాను, అంతే. ఇంగ్లీషులో మాట్లాడే పేషెంట్లు మేలని నాకు తెలుసు. కంచికచర్ల అమ్మాయి అడిగిన ప్రశ్న నా చెవుల్లో ఉంది. అయినా మంచునే ఎంచుకున్నాను. పద్దెనిమిదేళ్లు దాటినదాన్ని, చిన్నపిల్లనని చెప్పుకోవటానికీ లేదు.

అక్కడి ఆరేళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పేవాళ్లు, తెర మీదున్నది చదివి వెళ్ళిపోయేవాళ్లు. వార్డులోకి తీసుకెళితే పాతికమందిమి ఒక మంచం చుట్టూ నిలబడేవాళ్లం. పేషెంటు ఏదో చెప్పేది, టీచర్ తలూపేవాడు, మాకు ముక్కా ముక్కా అర్థమయ్యేది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అడగటం వరకు నేర్చుకున్నాను. జవాబు పొడుగ్గా ఉంటే నా పని అయిపోయేది. మూడో ఏడు కరోనా వచ్చి అందరినీ ఇళ్లకి పంపేశారు. ఏడాది పైన జగ్గయ్యపేటలో మా డాబా మీద సిగ్నల్ దొరికే మూల కూర్చుని ఫోన్లో మెడిసిన్ చదివాను. గుండె చప్పుడు వినటం, కడుపు నొక్కి చూడటం, అన్నీ వీడియోల్లోనే. కింద కొట్టులో బస్తాలు దించేవాళ్లు "డాక్టరమ్మ పైన పాఠాలు వింటోంది, గట్టిగా మాట్లాడకండి" అనుకోవటం నాకు వినపడేది.

కాలేజీని మాత్రమే అనటం తప్పు. నేనూ సరిగా చదవలేదు. మా బ్యాచ్‌లో ముగ్గురు తిరిగొచ్చీ రాగానే ఇక్కడి పరీక్ష పాసయ్యారు. వాళ్లూ ఆ వార్డుల్లోనే నిలబడ్డారు, ఆ వీడియోలే చూశారు.

ఆ పరీక్ష పాసయితేనే మాలాంటివాళ్లకి ఇక్కడ వైద్యం చేసే హక్కు వస్తుంది. ఏడాదికి రెండుసార్లు పెడతారు. మూడు వందల ప్రశ్నలు, నూటయాభై రావాలి. మొదటిసారి నాకు నూటఇరవయ్యెనిమిది వచ్చాయి. రెండోసారి నూటముప్పైతొమ్మిది. హైదరాబాద్‌లో ఏడాది కోచింగ్ తీసుకుని మూడోసారి రాస్తే నూటనలభయ్యారు. నాలుగు మార్కులు. ఆ రోజు నాన్న కొట్టు మూసేసి ఇంటికొచ్చి, "నాలుగే గదా, ఈసారి వచ్చేస్తాయిలే" అన్నాడు. నాలుగే కాబట్టి మళ్లీ రాయక తప్పదని మా ముగ్గురికీ అర్థమైంది. ఏ యాభయ్యో తక్కువొచ్చుంటే ఆ రోజే వదిలేసేదాన్నేమో.

ఖాళీగా కూర్చోలేక నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనికి కుదిరాను. ఆసుపత్రి పెద్ద డాక్టర్ గారు మంచాయన. నా సర్టిఫికెట్లు చూసి, "పరీక్ష పాసవ్వమ్మా, ఇంటర్న్‌షిప్ అయిన మర్నాడే డ్యూటీలో వేసుకుంటా. ఈలోపు నిన్ను పేషెంట్ల దగ్గరికి పంపితే నీకూ తప్పే, నాకూ తప్పే" అన్నారు. ఇన్సూరెన్స్ కాగితాలు నింపే డెస్క్ దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను. జగ్గయ్యపేటలో పొద్దున ఎనిమిదింటి బస్సెక్కి వెళ్తాను, సాయంత్రం ఏ బస్సు దొరికితే అది ఎక్కి వస్తాను. మా వీధిలో వాళ్లు నేను నందిగామలో డాక్టరుగా చేస్తున్నాననే అనుకుంటారు. మేము అలా చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఒక రోజు వీరులపాడు వైపు నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. కాళ్లు వాచి ఆయాసపడుతున్న భార్యని లోపల పడుకోబెట్టి, రక్తపరీక్షల రిపోర్టు చేత్తో పట్టుకుని నా డెస్క్ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, చదువుకున్నదానిలా ఉన్నావు. ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పు. డాక్టర్ గారు ఆపరేషన్లో ఉన్నారంట, పొద్దున్నుంచీ కూర్చున్నాం."

చూశాను. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. క్రియాటినిన్ అంకె చూడగానే తెలిసిపోతోంది. ఆవిడ కాళ్ల వాపు ఎందుకో, ఆయాసం ఎందుకో, ఇంక ముందేం జరగబోతుందో వరసగా నా కళ్ల ముందుకొచ్చాయి. ఆరేళ్లలో అంత స్పష్టంగా ఏదీ అర్థమవ్వలేదు నాకు.

"డాక్టర్ గారొచ్చి చెప్తారండి" అన్నాను.

"నువ్వు డాక్టరువి కాదా అమ్మా?"

"కాదండి."

ఆ మాట అప్పటిదాకా పైకి ఎప్పుడూ అనలేదు. ఆయన రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "అట్టాగా, తెల్లకోటు చూసి అనుకున్నాలే" అని వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. డెస్క్ వాళ్లందరికీ ఆ ఆసుపత్రిలో తెల్లకోటే యూనిఫాం.

ఈ రోజులన్నిటిలో నన్ను నిలబెట్టిన ఆలోచన ఒకటుంది. ఇప్పుడు చెప్పుకోవటానికి విడ్డూరంగా ఉంటుంది. దీవుల దేశానికి వెళ్ళుంటే నేను డాక్టర్ని అయ్యుండేదాన్ని. అక్కడ పేషెంట్లు ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, నాకు అర్థమయ్యేది, నేర్చుకునేదాన్ని. కంచికచర్ల అమ్మాయి ఈపాటికి ఏ విజయవాడలోనో పీజీ చేస్తూ ఉంటుంది. నాకు చేతకాక కాదు, దారి తప్పాను, అంతే. విజయవాడ పనిపడి బస్సు కంచికచర్ల మీదుగా వెళ్ళినప్పుడల్లా బోర్డుల మీద ఆ అమ్మాయి పేరు కోసం చూసేదాన్ని. పేరు పక్కన డిగ్రీతో ఏదో ఒక రోజు కనపడుతుందనుకునేదాన్ని. అసూయ ఉండేది. ఆ అసూయలో కొంచెం ఊరట కూడా ఉండేది.

అమ్మకి ఇంకో రకం ఆలోచన ఉండేది. ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే పక్కింటావిడతో అంటోంది. "వంటావిడ ఉందని నేనే పట్టుబట్టి అటు పంపించా. ఆ కంచికచర్ల పిల్లతో పాటు వెళ్ళుంటే ఈ పాటికి స్థిరపడేది. నా వల్లే దీని బతుకిట్టా అయింది." నేను మెట్ల మీదే ఆగాను. లోపలికెళ్ళి, నీ వల్ల కాదమ్మా అని చెప్పొచ్చు. చెప్పలేదు. తప్పు తన నెత్తిన వేసుకునే మనిషి ఒకరు ఇంట్లో ఉండటం నాకు సౌకర్యంగా ఉంది. మంచి మాట కాదని తెలుసు.

నాలుగోసారి పరీక్ష విజయవాడ శివార్లలో ఒక కంప్యూటర్ సెంటర్లో పడింది. సాయంత్రం బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒకమ్మాయి అడ్మిట్ కార్డు చిన్న చిన్న ముక్కలుగా చింపుతోంది. ముఖం చూడగానే గుర్తుపట్టాను. తనూ నన్ను చూసింది.

"నువ్వు జగ్గయ్యపేట కదూ" అంది.

ఇద్దరం ఒకే బస్సెక్కాం. పక్కపక్కన కూర్చున్నాం.  ఇబ్రహీంపట్నం దాటాక నేనే అడిగాను.

"ఎన్నోసారి?"

"మూడు. నువ్వు?"

"నాలుగు."

తన కథ తక్కువ మాటల్లో చెప్పింది. దీవుల దేశంలో చదువు రెండు ముక్కలుగా ఉంటుంది, ముందు మామూలు సైన్సు డిగ్రీ, తర్వాత మెడిసిన్. మొదటి ముక్క మెడిసిన్ కిందకి రాదని మధ్యలో ఇక్కడ రూల్స్ మారాయి. వీళ్ల డిగ్రీ చెల్లుతుందా చెల్లదా అని చెప్పేవాళ్లు లేరు. చేరిన ఏడాదికే ఇంకో దేశానికి మారింది. అక్కడ మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టింది.

"మరి అక్కడ పేషెంట్లు ఇంగ్లీషు మాట్లాడతారు కదా" అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది, దెబ్బలాడుతున్నట్టు.

"పేషెంట్ల దాకా వెళ్తేగా. నేను మారిన చోట భాష వేరే. అక్కడ వార్డులో నేనూ గోడకానుకుని నిలబడ్డదాన్నే." టికెట్ మడుస్తూ, "మా నాన్న ఇప్పటికీ మీ గురించే అంటాడు. ఆ జగ్గయ్యపేట వాళ్లు తెలివైనవాళ్లు, మంచు దేశానికి పంపించారు, ఆ అమ్మాయి ఈపాటికి డాక్టరైపోయుంటుంది అని. కన్సల్టెన్సీ ఆయన కూడా నువ్వు బాగా చదువుతున్నావనే చెప్పాడంట" అంది.

"మాకు నీ గురించి అట్టాగే చెప్పాడు."

ఇద్దరం నవ్వలేదు. నవ్వాల్సిన చోటే అది. నేను మంచు ఫొటో సంగతి చెప్పాను, ఎవరికీ చెప్పనిది. తను విని, "ఏదైతేనేం" అంది. బస్సు ఆగగానే సంచి తీసుకుని, "సరే, వస్తా" అని దిగిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. కంచికచర్ల సెంటర్లో జనం మధ్య నుంచి వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది.

నందిగామ దాటి, చిల్లకల్లు దగ్గర బస్సు మా ఊరి వైపు తిరిగేదాకా ఒకటే అనిపించింది. ఇన్నేళ్లూ ఇంకో దారి ఉందనుకుని ఏడ్చాను. అప్పుడు ఏడవటానికి ఒక కారణముండేది. రెండు లెటర్లలో ఏది తీసుకున్నా వచ్చి ఈ బస్సులోనే కూర్చునేదాన్నంటే ఇంక ఎవరిని అనుకోవాలి.

మర్నాడు పొద్దున అమ్మ పోపు వేస్తుంటే వెళ్ళి చెప్పాను. "అమ్మా, ఆ రోజు నేను తిండి కోసం ఆ కాలేజీ అనలేదు. మంచు ఫొటో చూసి అన్నా. నీ వల్ల కాదు."

అమ్మ పొయ్యి తగ్గించి నా వైపు తిరిగింది. "నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు. నాకు తెలుసులే" అంది.

"నిజం అమ్మా. కంచికచర్ల అమ్మాయి కూడా పాసవ్వలేదు. నిన్న కనపడింది."

"ఆ పిల్లకి దాని కారణాలుంటాయి. నీకు అక్కడ కుదిరేది" అని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఇంకా రెండుసార్లు చెప్పి చూశాను. నమ్మలేదు. చెప్పాల్సిన రోజు దాటిపోయాక నిజానికీ ఓదార్పు మాటకీ తేడా లేకుండా పోయింది.

ఫలితాలొచ్చాయి. నూటముప్పయ్యొకటి. పెరగాల్సింది తగ్గింది. నాన్న ఈసారి కొట్టు మూయలేదు. ఫోన్లో విని, "సరేమ్మా, అన్నం తిను" అన్నాడు. అవతల తూకం వేస్తున్న చప్పుడు వినపడింది.

నెల తిరక్కముందే కంచికచర్ల అమ్మాయి ఫోన్ చేసింది. తనకి నూటనలభై. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరుతున్నానంది.

"డాక్టర్లు రాసినదానికి కోడ్ నంబర్లు వేసే పని. కుర్చీలో కూర్చుని చెయ్యటమే. మనలాంటివాళ్లు చాలామంది చేరారంట. నువ్వూ వస్తావా? రూమ్ కలిసి తీసుకుందాం."

"ఇంక రాయవా?"

"రాయను. మా నాన్నకి చెప్పేశా. రెండ్రోజులు మాట్లాడలేదు, తర్వాత తనే సంచి కొనుక్కొచ్చాడు."

ఇంట్లో అడిగి చెప్తానన్నాను. అడిగాను కూడా. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

"నూటనలభయ్యారు వచ్చిన పిల్లవి. ఇంకొక్కసారి రాయి" అంది.

అలసిపోయానని చెప్పాలనుకున్నాను. నా తలలో ఇంక ఏదీ నిలవట్లేదని, ప్రశ్న రెండుసార్లు చదివినా మొదలు మర్చిపోతున్నానని చెప్పాలనుకున్నాను. నాన్న అప్పటికే లేచి నా సర్టిఫికెట్ల ఫైలు తేవటానికి లోపలికి వెళ్ళాడు. ఈ పరీక్ష లేకపోతే మేము ముగ్గురం సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటామో నాకూ తెలియదు.

అప్లికేషన్ నింపాను. కంచికచర్ల అమ్మాయికి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. ఆ అమ్మాయీ చెయ్యలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటి బస్సులో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. కండక్టర్‌కి నేను తెలుసు. పేజీ తిరగకపోయినా, "చదువుకోండి డాక్టర్ గారూ" అని పక్క సీట్లోవాళ్లని కాస్త జరగమంటాడు. వాళ్లు జరుగుతారు.